మల్లె, జాజి, గులాబి: ఏ మొక్కని ఎప్పుడు కత్తిరించాలి?

ఇవాళ డిసెంబర్ మొదటి వారం. రాజమండ్రిలో కూడా పొద్దున్నే కాస్త చలి తెలుస్తోంది. ఇదిగో, నా వెనకాల కనిపిస్తున్నది మా అమ్మ పెట్టిన మల్లె పొద. ఈ ఎపిసోడ్ అయ్యేసరికి ఇది మోకాలెత్తుకి వచ్చేస్తుంది.

"అయ్యో, అంత పొదనీ నరికేస్తారా?" అని మీలో కొంతమంది అంటారని నాకు తెలుసు. పోయిన నెల కత్తిరింపుల గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేశాను కదా, దాని మీదే చాలా ప్రశ్నలు వచ్చాయి. "పెంచిన చేత్తో కొయ్యడానికి మనసు ఒప్పట్లేదండీ" అని ఒకరు. "మీరన్నట్టే కత్తిరించాను, ఈ ఏడు ఒక్క పువ్వు లేదు" అని ఇంకొకరు. ఒకరు కొయ్యక నష్టపోయారు, ఒకరు కోసి నష్టపోయారు. ఈ రెండు తప్పులూ నేనూ చేశాను. కాబట్టి ఇవాళ తీరిగ్గా చెప్పుకుందాం.

ముందు నా సంగతి చెప్తాను. అమ్మ పోయి ఏడేళ్లయింది. మొదటి మూడేళ్లు ఈ పొద మీద నేను కత్తెర వెయ్యలేదు. అమ్మ చెయ్యి పడ్డ కొమ్మలు, వాటిని ఎలా కోస్తాం అనిపించేది. నీళ్లు పోసేదాన్ని, ఎరువు వేసేదాన్ని. మొదటి వేసవిలో పూలు బాగానే పూశాయి. రెండో ఏడు తగ్గాయి. మూడో ఏడు చూస్తే, పొద నా ఎత్తు దాటిపోయి గోడ మీదికి ఒరిగింది, పూలు మాత్రం దోసెడు. అవీ ఎక్కడో చివర్న. లోపలికి చెయ్యి పెడితే అన్నీ ఎండుపుల్లలే. మట్టిలో సారం పోయిందేమో అనుకుని ఇంకో బుట్టెడు ఎరువు వేశాను.

ఆ చలికాలం పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "ఏమే, మీ అమ్మ ధనుర్మాసం రాకుండానే దీన్ని మోడు చేసేసేది కదే, నువ్వేంటి ఇలా వదిలేశావు?" అన్నారు. నాకు అస్సలు గుర్తు లేదండీ. "నీకెలా తెలుస్తుందిలే, నువ్వు హాస్టల్లో ఉండేదానివి. వేసవి సెలవలకి వచ్చేసరికి నీకు పూలే కనపడేవి" అన్నారావిడ. నిజమే. నేను చూసిందంతా పూలు. అమ్మ చేసిన పని నేను చూడలేదు. అమ్మ గుర్తు అని నేను కాపాడుతున్నది, అమ్మ ఏటా కోసి పారేసిన కొమ్మల్లాంటివే.

సరే, అసలు కోస్తే పూలు ఎందుకు ఎక్కువవుతాయి? దీనికి కారణం ఉంది. ప్రతి కొమ్మకీ చివర్న ఒక మొగ్గ ఉంటుంది. ఆ చివరి చిగురులో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందికి దిగుతుంది. అది దిగుతున్నంత కాలం, కింద కణుపుల దగ్గరున్న పక్క మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. దీన్ని పాఠ్యపుస్తకాల్లో అగ్రాధిక్యత అంటారు. 1930లలో థైమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిక్కుడు జాతి మొక్క మీద ఇది పరీక్షించి చూశారు. కొస తుంచేస్తే పక్క మొగ్గలు లేచాయి. తుంచిన చోట ఆక్సిన్ పెడితే మళ్లీ లేవలేదు. అంటే పెత్తనమంతా కొసదే. మనం కొస తీసేస్తే ఒక్క కొమ్మ ఉన్న చోట రెండు, మూడు కొమ్మలు వస్తాయి. మల్లెకి పూలు వచ్చేది ఆ కొత్త కొమ్మల చివర్నే. కొమ్మలు ఎన్ని పెరిగితే పూల గుత్తులు అన్ని పెరుగుతాయి. సొరపాదుకీ, బీరపాదుకీ మన మిద్దె తోటల వాళ్లు చేసే త్రీజీ కటింగ్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

అయితే అన్ని మొక్కలూ మల్లెలా ఉండవు. ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. కత్తెర పట్టుకునే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: ఈ మొక్క కొత్త కొమ్మకి పూస్తుందా, పాత కొమ్మకి పూస్తుందా?

కొత్త కొమ్మకి పూసేవాటిని పూల కాలానికి ముందు కొయ్యాలి. అప్పుడు చిగురేసి, ఆ చిగుళ్లకి పూస్తాయి. పాత కొమ్మకి పూసేవి పూల కాలానికి కొన్ని నెలల ముందే లోపల మొగ్గ కట్టేసుకుంటాయి. వాటిని పూలు అయిపోయిన వెంటనే కొయ్యాలి. ఆలస్యం చేసి కోస్తే, కొమ్మతో పాటు వచ్చే ఏడాది పూలని కూడా కోసి పారేసినట్టే.

మీ మొక్క ఏ రకమో తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. పూసినప్పుడు దగ్గరికెళ్లి చూడండి. పువ్వు లేత ఆకుపచ్చ కొమ్మ మీద ఉందా, లేక బెరడు ముదిరిన గోధుమరంగు కొమ్మ మీంచి వచ్చిందా? ఒక్క సీజన్ చూస్తే చాలావరకు మీకే అర్థమవుతుంది.

మన ఇళ్లల్లో ఉండేవాటిలో ఎక్కువ కొత్త కొమ్మకి పూసేవే. మల్లె, జాజి, మందార, కాగితం పూల చెట్టు, రాధామనోహరం, మనం మామూలుగా పెంచే గులాబీలు, అన్నీ ఆ కోవలోవే. గంధరాజం అలా కాదు, దాన్ని పూలయ్యాక వెంటనే తేలిగ్గా సర్దాలి. అమెరికా నుంచి ఒకమ్మాయి అడిగింది, "ఆంటీ, మా ఇంటి ముందు హైడ్రాంజియాని ఆకులు రాలాక నీట్‌గా కట్ చేస్తున్నాను, రెండేళ్లుగా పూలే రావట్లేదు" అని. తల్లీ, పెద్ద ఆకుల హైడ్రాంజియా అయితే అది పాత కొమ్మకే పూస్తుంది. నువ్వు చలికాలం ముందు నీట్‌గా కోసేస్తున్నవి మొగ్గలే. వేసవిలో పూలు వాడిపోగానే కొయ్యి, తర్వాత ముట్టుకోకు. అక్కడి లైలాక్‌కి కూడా అంతే.

ఇప్పుడు మల్లె దగ్గరికి వద్దాం. దీనికి పదిరోజులుగా నీళ్లు ఆపేశాను. ఆకులు కాస్త వాడి, కొన్ని రాలాయి చూడండి. ఇది కావాలని చేసిందే. నీళ్లు ఆపితే మొక్క పెరుగుదల ఆపి విశ్రాంతిలోకి వెళ్తుంది. కుండీలో ఉన్నవాళ్లు పది రోజులు ఆపకండి, కుండీ త్వరగా ఎండిపోతుంది. నాలుగైదు రోజులు నీళ్లు బాగా తగ్గించినా చాలు. నవంబర్ చివరి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా ఎప్పుడైనా కొయ్యొచ్చు. ముందు కోస్తే ముందు పూస్తుంది.

మొదట ఎండిపోయినవి తియ్యాలి. గోటితో బెరడు గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగులో ఉంటే చచ్చినట్టు. తర్వాత ఒకదానికొకటి రాసుకుంటున్న కొమ్మలు, నేల మీద పాకుతున్నవి, మరీ సన్నటివి. ఇవన్నీ తీశాక మిగిలినవాటిని భూమికి 45, 50 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే సుమారు రెండు జానలకి కోసెయ్యాలి. ఇదిగో, ఇలా. కణుపుకి పైన పావు అంగుళం వదిలి, కొంచెం ఏటవాలుగా. మరీ పైన కోస్తే ఆ మిగిలిన పుల్ల ఎండిపోయి కిందికి పాకుతుంది. మరీ ఆనుకుని కోస్తే మొగ్గే పోతుంది. మొగ్గ బయటివైపు చూస్తున్న కణుపుని ఎంచుకోండి. కొత్త కొమ్మ ఆ వైపే పోతుంది, పొద మధ్యలోకి గాలీ వెలుతురూ వస్తాయి.

అయిపోయిందా? ఇప్పుడు పాదు గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, నిండా నీళ్లు పెట్టండి. కొద్ది వారాల్లో చిగుళ్లు వస్తాయి. ఫిబ్రవరి ఆఖరుకో మార్చికో మొగ్గలు. మధ్యలో మోడుని చూసి కంగారు పడి రోజూ నీళ్లు పోయకండి. ఆకు లేని మొక్క నీళ్లు ఎక్కువ తాగలేదు, వేరు కుళ్లుతుంది.

జాజి తీగకి పని వేరు. అది వానాకాలం నుంచి శీతాకాలం మొదలయ్యేదాకా పూస్తుంది కాబట్టి జనవరిలో చేసుకుంటాం. పందిరి మీదికెక్కిన తీగని కింద దాకా కొట్టెయ్యక్కర్లేదు. పెద్ద కాండాలు మూడో నాలుగో అలాగే ఉంచి, వాటి నుంచి వచ్చిన పక్క కొమ్మల్ని పొట్టిగా కొయ్యాలి. తీగల్లో అసలు కష్టం ఏది దేనిదో తెలియకపోవడం. అంతా పెనవేసుకుని ఉంటుంది. దానికి మా కడియం నర్సరీలో పనిచేసే ఒకాయన చెప్పిన చిట్కా ఇది. తీసెయ్యాలనుకున్న కాండాన్ని కిందెక్కడో ఒక చోట కోసి, లాగకుండా వదిలెయ్యండి. నాలుగు రోజులాగి వస్తే, ఎక్కడెక్కడ ఆకులు వాడిపోయాయో అదంతా ఆ తీగదే. అప్పుడు ముక్కలు ముక్కలుగా తియ్యొచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు లాగితే మంచి తీగలు కూడా ఊడొస్తాయి.

తీగల గురించి ఇంకో మాట. కొయ్యడం ఎంత ముఖ్యమో, వంచి కట్టడం కూడా అంతే ముఖ్యం. నిలువుగా పోయే తీగలో కొస పెత్తనం బలంగా ఉంటుంది, పైన మాత్రమే పూస్తుంది, కింద బోసిగా ఉంటుంది. అదే తీగని అడ్డంగా వంచి కడితే, పొడుగునా ఉన్న కణుపులు చాలావరకు లేస్తాయి. తీగ గులాబీకి ఇది బాగా పనిచేస్తుంది. మొదటి రెండేళ్లు దాని పెద్ద కొమ్మల్ని కొయ్యకుండా అడ్డంగా కట్టుకుంటూ పోండి.

మామూలు గులాబీకి వానలు తగ్గాక, అక్టోబర్, నవంబర్‌లో కత్తిరింపు. కోసిన నెలన్నరకి అటూ ఇటుగా పూలొస్తాయి. అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే కొమ్మల్ని మాత్రం ఎప్పుడు కనపడితే అప్పుడు తీసెయ్యండి. అవి మీరు కొన్న గులాబివి కాదు, కింద వేరుమొక్కవి. వదిలేస్తే పై మొక్కని తినేస్తాయి. "ఎర్ర గులాబి కొన్నాను, ఇప్పుడు చిన్న చిన్న వేరే పూలు పూస్తోంది" అనేవాళ్లకి చాలాసార్లు జరిగేది ఇదే.

నేను కోసి నష్టపోయానన్నాను కదా, అది గులాబీల దగ్గరే. ఒక ఏడాది మే నెలలో, ఖాళీ దొరికింది కదా అని ఐదు మొక్కలూ బాగా పొట్టిగా కోసేశాను. ఆకుల నీడ పోయింది, కాండాలు నేరుగా ఎండకి మాడాయి. మూడు చచ్చిపోయాయి. నాకు ఖాళీ ఉన్న రోజు చూసుకున్నాను గానీ, మొక్కకి ఓపిక ఉన్న రోజు చూసుకోలేదు. మన రోహిణి కార్తె ఎండల్లో గట్టి కత్తిరింపు వద్దు. ముసురు పట్టిన రోజుల్లో కూడా వద్దు, కోసిన చోట తడి నిలిచి బూజు పడుతుంది. కొత్తగా కుండీ మార్చిన మొక్కని, జబ్బుతో నీరసంగా ఉన్న మొక్కని కూడా కాస్త కోలుకోనివ్వండి. ఎండిపోయిన, కుళ్లిన కొమ్మలు మాత్రం ఏ నెలలోనైనా తియ్యొచ్చు.

మందార ఏడాది పొడుగునా పూస్తుంది కాబట్టి ఒకేసారి మొత్తం కొయ్యకండి. చలి తగ్గాక ఫిబ్రవరిలో మూడో వంతు, నెలాగి ఇంకో మూడో వంతు. మధ్యలో దేవుడికి పూలు ఆగవు. పిండినల్లి పట్టిన కొసలుంటే ముందు వాటినే కోసి, కవర్లో కట్టి పారెయ్యండి, కంపోస్టులో వెయ్యకండి. కాగితం పూల చెట్టుని ఒక విడత పూలు రాలాక కోసి, ఆ తర్వాత నీళ్లు కాస్త తక్కువ పోస్తే రంగు బాగా వస్తుంది. తోలు గ్లౌజులు వేసుకోండి, ఆ ముళ్లు మామూలువి కావు. రాధామనోహరం చలికాలం చివర్లో ఎంత గట్టిగా కోసినా లేస్తుంది. దానికి మొహమాటపడక్కర్లేదు. వదిలేస్తే అదే డాబా ఎక్కి కరెంటు తీగ పట్టుకుంటుంది.

గన్నేరు కోసేవాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక. దాని పాలు, ఆకులు, కొమ్మలు అన్నీ విషమే. కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ కొమ్మల్ని మంట వెయ్యకండి, పొగ కూడా మంచిది కాదు. పిల్లలకీ పశువులకీ అందకుండా పారెయ్యండి.

కొత్త కొమ్మ, పాత కొమ్మ అనే ఈ లెక్క ఎంత పక్కాగా ఉంటుందో చూడాలంటే ద్రాక్ష తోటకి వెళ్లాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు బాగా ఉండేవి. మన దక్కన్ వాతావరణంలో ద్రాక్ష తీగ చల్లటి దేశాల్లోలా పూర్తిగా నిద్రపోదు. అందుకని రైతులు ఏడాదికి రెండుసార్లు కోసి, ఒక పంట తీస్తారు. ఏప్రిల్‌లో కాపు అయ్యాక ఒకటి రెండు కణుపులు మాత్రం వదిలి పొట్టిగా కోస్తారు. అప్పుడు వచ్చిన కొమ్మలు వేసవిలో, వానాకాలంలో ముదురుతాయి. ఆ ముదిరే కాలంలోనే వాటి మొగ్గల లోపల వచ్చే పంట గెలలు కంటికి కనపడకుండా తయారవుతాయి. మళ్లీ అక్టోబర్‌లో, ఆ మొగ్గలు పోకుండా, రకాన్ని బట్టి ఐదారు కణుపుల నుంచి పది పన్నెండు కణుపుల దాకా వదిలి కోస్తారు. వాటి నుంచి చిగురు, ఆ చిగురు మీద గెల, ఎండాకాలం మొదట్లో పండు. అక్టోబర్‌లో కూడా ఏప్రిల్‌లోలాగే పొట్టిగా కోశామనుకోండి, తీగ బతుకుతుంది, ఆకులు బ్రహ్మాండంగా వస్తాయి, గెలలు మాత్రం ఉండవు. అదే చెయ్యి, అదే కత్తెర. నాలుగు కణుపులు అటూ ఇటూ అయితే ఏడాది కష్టం పోయింది.

ఇక పనిముట్లు. సికేటర్ ఒకటి మంచిది కొనుక్కోండి. రెండు బ్లేడ్లూ కత్తెరలా పక్కపక్కనుంచి దాటేది తీసుకోండి. ఒకదాని మీద ఒకటి నొక్కేది ఎండుపుల్లలకి సరే గానీ పచ్చి కొమ్మని నలిపేస్తుంది. బొటనవేలు కంటే లావు కొమ్మకి చిన్న రంపం వాడండి. పదును ముఖ్యం. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేముందు బ్లేడుని స్పిరిట్ దూదితో తుడవండి. లేకపోతే జబ్బుని మనమే మోసినట్టవుతుంది. లావు కొమ్మ కోసిన చోట బోర్డో పేస్ట్ గానీ, కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్లతో ముద్దలా కలిపి గానీ రాస్తే చాలు. సన్న కొమ్మలకి అక్కర్లేదు. ఎంత కొయ్యాలో తెలియని మొక్క అయితే ఒకేసారి మూడో వంతు దాటకండి. మల్లెలాగా మోడు చేస్తే లేచేవి వేరు.

ఇంకొకటి, పొదలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడండి. పామో తేనెపట్టో ఉండొచ్చు. పిట్టగూడు ఉంటే ఆ కొమ్మల జోలికి వెళ్లకండి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొన్ని వారాలూ ఆగితే మనకి పోయేదేం లేదు.

మామ్మగారు చెప్పిన ఆ చలికాలం నేను ఈ పొదని మొదటిసారి కోసినప్పుడు చేతులు వణికాయండీ. కోసిన కొమ్మల్ని ఆ రోజు బయట పారెయ్యలేకపోయాను, రెండు రోజులు గోడ పక్కనే ఉంచాను. నెల రోజులు రోజూ పొద్దున్నే వెళ్లి మోడుని చూసుకోవడమే. ఒక రోజు చూస్తే కణుపు దగ్గర ఆవగింజంత పచ్చగా ఉంది. మార్చి ఆఖరుకి సాయంత్రం పూట ఒక్కదాన్నీ కొయ్యలేనన్ని మొగ్గలు. మొదటి మాల మామ్మగారికే ఇచ్చాను.

ఆ జూలైలో వానలు పడ్డాక, కింద కొమ్మలు రెండు వంచి మట్టిలో నేల అంట్లు తొక్కాను. వేళ్లు పట్టాక ఒకటి హైదరాబాద్‌లో మా చెల్లికి, ఒకటి విశాఖపట్నంలో మా అన్నయ్యకి ఇచ్చాను. చెల్లి కుండీ మీద కత్తెర వెయ్యనని మొండికేసింది. దాని సంగతి నాకు తెలుసు కదా, ఈ వీడియో ముందు దానికే పంపిస్తున్నాను.

మీ ఇంట్లో కూడా పూలు తగ్గిన మల్లె ఉంటే, ఈ వారం పది రోజుల్లో పని చేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో జాజి పందిరి ఎక్కి చూపిస్తాను. అప్పటిదాకా సెలవండీ, నమస్కారం.